మోకాళ్ళు నిలవని వీరుడు

చిక్కడపల్లి

గౌరవనీయులైన ఉమాకాంత్ గారికి మీ భార్య అనూహ్య నమస్కారాలు. ఇక్కడ మామయ్యగారు, నేను క్షేమం. అత్తమ్మ క్షేమమని రాయడానికి నాకు మనసొప్పడం లేదు. ఇదంతా ఫోన్‌లో చెప్పవచ్చు; కానీ ఫోన్‌లో మీరు అడ్డుతగులుతారు. కాగితం మీద ఆ సౌకర్యం మీకు లేదు.

మీ ఉత్తరంలో మొదటి ప్రశ్న, "నా యాక్షన్ ఫిగర్ బాగుపడుతుందా?" భిలాయిలో కొలుములు నడిపించే ఇంజనీరు నాలుగు పేజీలు రాశాడు, అన్నీ కవచం తొడిగిన జానెడు ప్లాస్టిక్ బొమ్మ మోకాళ్ళ గురించే. మా వర్సిటీ చర్చావేదికపై ఇంత బలహీనమైన వాదన వినిపిస్తే గంట కొట్టి దింపేస్తారు.

ఆ రోజు ఫోన్‌లో అత్తమ్మ చెప్పేది పూర్తిగా వినకుండానే మీరు "నీ చెయ్యి పడితె ఖరాబైతది" అని అరిచారు కనుక, జరిగింది వినండి. దసరా బొమ్మల కొలువులో ఏటా ఒక కొత్త బొమ్మ చేరాలన్నది మీ ఇంటి ఆనవాయితీ. "వాడు ఈ ఏడు పండుగకు ఇంట్ల ఉండడు గద, వాని బొమ్మన్న ఉండాలె" అంటూ అత్తమ్మ మీ అల్మారాలోంచి ఆ వీరుణ్ణి తీసి, కొలువుకు పనికొస్తాడో లేదో చూద్దామని ఇంటి మెట్టు మీద నిలబెట్టారు. లోకాలను కాపాడే ఆ మహానుభావుడు మోకాళ్ళ కీళ్ళు వదులై కూలబడ్డాడు. కొలువులో బొమ్మ పడితే అశుభమని భయపడి, ఆమె ఆ కీళ్ళలో క్విక్ జిగురు పోశారు. బొమ్మ నిలబడింది, మోకాళ్ళు మాత్రం ఇక వంగలేదు.

మీరు పరామర్శకు పంపిన మిత్రుడు శ్రావణ్ అశోక్ నగర్ కోచింగ్ సెంటర్ నుంచి పరుగున వచ్చాడు. రాజ్యాంగం బట్టీపడుతున్న మనిషి, ఇంటి పెద్దావిడతో ఎలా మాట్లాడాలో ఏ అధికరణంలోనూ చదవలేదు కాబోలు.

"ఏంది ఆంటీ, గిట్ల ఖరాబ్ చేసిన్రు? ఇది పిల్లలు ఆడే బొమ్మ గాదు!"

అత్తమ్మ తల వంచుకున్నారు. నేను వంచుకోలేదు.

"ఈ మోకాళ్ళు మీ దోస్తు ఎప్పుడన్న వంచి చూసిండా?" అని అడిగాను.

"వంచితే లూజ్ అయితయ్ వదినా!"

"మరి వంచకున్నా లూజ్ ఎట్లయినయ్?"

"అది... వదినా, మీతోని డిబేట్ నాతోని కాదు" అని చాయ్ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. మీ పక్షాన ఇంతకంటే సమర్థుడు దొరకలేదా?

ఇక మీ ప్రశ్నకు జవాబు. బాగుపడింది. ఆ జిగురు చలికి పెళుసవుతుందని తెలుసుకుని, మీ వీరుణ్ణి ఫ్రీజర్లో పచ్చి బఠాణీల పక్కన పడుకోబెట్టాను. మెల్లగా కదిపితే జిగురు పటుక్కున విరిగింది. పాత వదులు మిగిలింది. కాళ్ళు ఊడదీసి, నారాయణగూడలో కొన్న రంగులేని నెయిల్ పాలిష్‌ను కీళ్ళలోని గుండ్రటి బుడిపెల మీద పలచగా పూసి, బాగా ఆరనిచ్చి బిగించాను. ఇప్పుడు వంగుతాడు, నిలబడతాడు కూడా. మీరు శోకించిన విపత్తు యావత్తూ ఇంతే.

మీ రెండో ప్రశ్న, "అల్మారా తాళం నీ దగ్గరే ఉంది కదా? అమ్మను ఆ గదిలోకి రానివ్వొద్దు." ఇంతసేపూ ఆపుకున్న మాట ఇక్కడ చెప్పాలి. తాళం నా దగ్గర లేదు. మీ ఉత్తరం చదివిన పూటే అత్తమ్మ చేతిలో పెట్టాను. ఆ వాక్యం మాత్రం చదివి వినిపించలేదు. అది మీ మీద దయతో కాదు.

ఆమె తాళం తీసుకున్నారు. అల్మారా తెరవలేదు. అటక మీది కొలువు పెట్టె కూడా దించనివ్వలేదు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి ఒక్క ఏడూ మానని మనిషి, ఈసారి కొలువే వద్దంటున్నారు. నేను ఎంత వాదించినా, "నువ్వు మంచిగనే చెప్తున్నవ్ బిడ్డా. కాని నా చెయ్యి పడితె ఖరాబైతదన్నోడు నువ్వు కాదు గద" అన్నారు. పోటీల్లో కప్పులు గెలిచిన నేను ఆ మాటకు ఓడిపోయి, ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

ఈ ఉత్తరం చేరేసరికి పండుగకు ఇంకా వ్యవధి ఉంటుంది. ఆమెకు ఫోన్ చేయండి. నాకు చేసి "అమ్మకివ్వు" అనకండి, ఇవ్వను. మొదటిసారి ఆమె ఎత్తకపోవచ్చు, మళ్ళీ చేయండి. ఏ మెట్టు మీద ఏ బొమ్మ పెడుతున్నావమ్మా అని అడగండి. అడిగి, ఆమె చెప్పేదంతా అయ్యేదాకా నోరు మూసుకుని వినండి.

ఇట్లు,
లక్ష్మి గారి కోడలు,
అనూహ్య