భుజపు ఆకు

ఐదో క్యాంపు, సాంతాక్రూజ్ దగ్గర
1996 జూన్ 11, మంగళవారం

చిరంజీవి అగానేతకు సుసానా పిన్ని దీవెనలు. నీకూ మీ ఆయనకూ ఒంట్లో ఆరోగ్యం, మనసులో శాంతి ఉండాలని కోరుతున్నాను. దేవుడి దయవల్ల ఎడమ మోకాలు తప్ప మిగతా నేను క్షేమం. దక్షిణపు చలిగాలి మొదలైంది.

నీ ఉత్తరం ఈ పొద్దున పాలబండిలో వచ్చింది. నీ కూతురు తీనా నిన్న బగ్గీ మీంచి పడిందనీ, భుజం వెనక పలకెముక వాచిందనీ, శనివారం తీసుకొస్తాననీ రాశావు. చిన్నప్పుడు నా భుజానికి కట్టినట్టే దానికీ కట్టు పిన్నీ, ఆ ఆకు కథ కూడా చెప్పు, అప్పుడే ఏడుపు మానుతుంది అన్నావు.

ఆ ఎముకని మనవాళ్లు షులాబ్లాట్, భుజపు ఆకు, అని ఎందుకంటారని ఆరేళ్లప్పుడు నా ఒళ్లో బోర్లా పడుకుని అడిగావు. దేవుడు మనిషిని చేసి, తడిమట్టిని బోర్లా ఆరబెట్టాడన్నాను. చెట్టు మీంచి రెండాకులు రాలి వీపు మీద పడ్డాయి. తీసేద్దామనుకున్నాడు గానీ, మట్టి నిద్రలో ఊపిరి తీస్తుంటే ఆకులు లేస్తూ వాలుతూ ఉన్నాయట. చూస్తూ కూర్చుండిపోయాడు. ఈలోగా మట్టి ఆరిపోయింది. నీ ఎడమ ఆకు ఎందుకు వంకరగా ఉందని అడిగితే, అది ఎండవైపు తిరిగిందన్నాను. అయితే వానలొస్తే నాకు చిగురేస్తుందా అని అడిగి, సమాధానం వినకుండానే నిద్రపోయావు. నా చెయ్యి నీ వీపు మీదే ఉంది, లేస్తూ వాలుతూ. ఇప్పటికీ ఒక్కోసారి అరచేతికి అది తెలుస్తుంది.

మీ అమ్మ మాత్రం, పందిని కోసిన రోజు వెడల్పాటి ఎముక చూసి ఎవడో ఆకన్నాడే, అంతకుమించి ఏం లేదు, పిల్లకి పిచ్చి కథలు నేర్పకు అని కసిరింది. అదే నిజమై ఉంటుంది. అక్కకి ఎటు చూసినా పందులే.

ఉంటాను,
నీ పిన్ని
సుసానా నూడార్ఫ్

తా.క.: సంతకం చేశాక పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. శనివారం రావద్దు. ఇది అందిన వెంటనే తీనాని పట్నం ఆస్పత్రికి తీసుకెళ్లు, ఎక్స్‌రే తీస్తారు. నలభై ఏళ్లుగా ఈ క్యాంపులో విరిగిన ఎముకలన్నీ కట్టినదాన్ని నేనే చెబుతున్నాను. నీ ఆకు ఎండవైపు తిరగలేదమ్మా. నేనే వంకరగా కట్టాను. మూడో రోజుకే నా వేళ్లకి తెలిసిపోయింది. విప్పితే తప్పు ఒప్పుకోవాలని ఊరుకున్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నెపం ఆకు మీదికి నెట్టి, కథ అల్లాను. నీ ఎడమ చెయ్యి తల దాకా లేవదు. పెళ్లిరోజు నీ జడ నేనే వేశాను, నువ్వు నాకు థాంక్స్ కూడా చెప్పావు. తీనా జడ తీనాయే వేసుకోవాలి.