పటాన్‌చెరులో ఎన్ని సితారలు!

పటాన్‌చెరు,
9 ఫిబ్రవరి 2025, ఆదివారం.

ప్రియమైన అరీబా ఆపాకు,

అస్సలాము అలైకుమ్. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ వంశీ బావా చల్లగా ఉండాలని నమాజు చేసిన ప్రతిసారీ దువా చేస్తూనే ఉన్నాను. పెళ్లయ్యాక నీ నంబరు మారింది. అబ్బా ముందు నీ పేరెత్తే ధైర్యం మాకెవరికీ లేదు. అందుకే నువ్వు పాఠాలు చెప్పే హత్నూర బడి చిరునామాకు రాస్తున్నాను. ముందే చెప్తున్నా, భయపడకు. అమ్మీకి గండం గడిచింది. కానీ ఈ నాలుగు రోజుల్లో జరిగింది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు!

బుధవారం పొద్దున అమ్మీ కూరగాయలకని వెళ్లి బస్టాండు దగ్గర పడిపోయింది. ఎవరో ఆటో ఎక్కించి ఆసుపత్రికి పంపారు. మేం పరుగెత్తుకెళ్లేసరికి మూతి కాస్త వంకరపోయి ఉంది. మెదడులో నరం మూసుకుపోయిందట. సమయానికి తెచ్చారు కాబట్టి బతికిందన్నారు డాక్టరు. కానీ మాట పోయింది. ఒక్క మాటే మిగిలింది. సితార.

అబ్బాను చూసి సితార. నన్ను చూసి సితార. మాకు అర్థం కాకపోతే కళ్లనిండా నీళ్లు. ముద్ద పెడితే తల తిప్పేసుకుంటుంది. ఆమె చెప్పేదేంటో కనుక్కుంటే మనిషి కుదుటపడుతుందన్నారు డాక్టరు.

ఇక నేనూ తమ్ముడు వసీమూ బండేసుకుని బయల్దేరాం. మన చుట్టూ ఇన్ని సితారలున్నాయని నాకైతే తెలీదు ఆపా! బస్టాండు ఎదురుగా సితార హోటల్. అక్కడి చాయ్ ఫ్లాస్కులో తెస్తే అమ్మీ వాసన చూసి మొహం చిట్లించింది. సితార అగరుబత్తీ వెలిగించబోతే నర్సు తిట్టింది. భానూర్ దారిలో సితార పైపుల ఫ్యాక్టరీ ఉంది. "ఎవల్ని కలవాలె?" అన్నాడు వాచ్‌మన్. వసీమ్ తడబడి "సితారని" అన్నాడు. "గిదే సితార. ఇంకేం గావాలె?" అని ఆయన మమ్మల్ని ఎగాదిగా చూశాడు. ఇంద్రేశంలో సితార ఎన్‌క్లేవ్ అంటే ఎగిరి గంతేసి వెళ్లాం. పాతిన రాళ్లు తప్ప ఏమీ లేదు. ఏజెంటు మాత్రం "తూర్పు మొఖం ప్లాటు మేడమ్, జల్దీ బుక్ చేస్కోండ్రి" అంటూ వెంటపడ్డాడు. దారిలో ఒక ఆటో వెనక సితార అని కనిపిస్తే దాన్నీ తరిమి తరిమి ఆపాం. అది ఆటో అతని మేక పేరట!

అన్నిటికీ ఫోటోలు తీసి చూపించాను. అమ్మీ అడ్డంగానే తలాడించింది. మేక ఫోటోకి మాత్రం కాస్త నవ్వింది.

"ఒక్క పేరు పట్టుకొని ఊరంత తిరుగుడేంది? పరేషాన్‌ల ఏదో అంటున్నది" అని అబ్బా మా మీద విసుక్కున్నాడు. మర్నాడు ఆయనే తన పరుపుల షాపు నుంచి సితార రకం గుడ్డ ముక్క తెచ్చి అమ్మీ చేతిలో పెట్టాడు. అది కూడా కాదు. అమ్మీ ఆ ముక్కతోనే కళ్లు తుడుచుకుంది. అబ్బా వరండాలోకి వెళ్లిపోయాడు.

ఇవాళ దొరికింది చూడు ఆపా, అసలు మనిషి! బస్టాండు దగ్గర మక్కకంకులు కాల్చే ముత్యమ్మ. అమ్మీని ఆటో ఎక్కించింది ఆమే. కాళ్లకు దండం పెట్టబోతే ఆపేసింది. "నేనే నీళ్లు తాపిన బిడ్డా. హత్నూర బస్సు ఏడ ఆగుతదని అడిగింది. మస్తు సంబురంగ ఉండె. చెప్తుంటెనే ఒరిగిపోయింది" అంది.

హత్నూర బస్సు! కూరగాయలకు కాదు ఆపా, అమ్మీ నీ దగ్గరికి బయల్దేరింది! ఇంట్లో ఎవరికీ చెప్పకుండా! నడిరోడ్డు మీద ఏడుస్తూ నవ్వుతూ నిలబడిపోయాను. మరి హత్నూరలో సితార అంటే ఏమిటి? మీ వీధి పేరా? మీ ఇంటి పేరా? నా నంబరు అదే. ఇది అందగానే ఫోన్ చెయ్యి.

నిన్ను చూడాలని ఎదురుచూసే
నీ చెల్లెలు
ఫరహత్

తా.క. కవరు అంటించేలోపు ఇంకో సంగతి. "అరీబా దగ్గరికి పోతుంటివా?" అని అమ్మీ చెవిలో అడిగాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అరీబా... బిడ్డ... సితార" అంది. మూడు మాటలు, ఆపా! పోయిన వారం వంశీ బావ సంతలో కలిసి, నీకు పాప పుట్టిందనీ ఆ పేరు పెట్టారనీ చెప్పాడట. నేను ఒక్కోటీ అడుగుతుంటే తలాడిస్తూ, ఆ సంగతి ఒక్కో ముక్కా కూడదీసుకుని చెప్పింది. అబ్బా గుమ్మంలోనే నిలబడి అంతా విన్నాడు. తిడతాడనుకున్నాను. వచ్చి అమ్మీ మంచం మీద కూర్చున్నాడు. ఆమె కళ్లు తుడిచి నావైపు తిరిగాడు.

"ఊరంత గదే పేరున్నది, మనింట్లనే లేకపాయె. ఫరహత్, హత్నూరకు పొద్దుగాల మొదటి బస్సు ఎన్నింటికి?"