పోశవ్వ కోసం దువా

బోధన్, శుక్రవారం రాత్రి

నిన్న పోశవ్వ పోయింది. నేను పుట్టినప్పుడు అమ్మీకి పాలు పడకపోతే, చెరకు నరికి ఇంటికొచ్చి, తన కొడుకుతో పాటు నాకూ ఏడాది పాలిచ్చిన మనిషి.

ఈరోజు ఆడవాళ్ల ఖురాన్ చదువు అయ్యాక అందరం దువాకు చేతులెత్తాం. పోశవ్వను క్షమించమని నేను పైకే అడిగేశాను. చదువు చెప్పే ఆపా నా చేతులు పట్టుకుని దించింది.

“గామె అల్లా మీద ఈమాన్ లేకుండ పోయింది బిడ్డా. గసొంటోళ్లకు మాఫీ అడుగొద్దని కితాబుల్నే ఉంది.”

“మరి మా షరీఫ్ మామూకు పోయిన వారం అడిగినం గదా? పెండ్లాన్ని చెయ్యి ఇరిగేటట్టు కొట్టిండు ఆయన.”

“ఆయన అల్లా ఒక్కడే అని కలిమా సదువుకుంట పోయిండు. అల్లా మాఫ్ చేస్తడు.”

అంటే ఎవరి చెయ్యి విరగ్గొట్టినా ఫరవాలేదు, తననొక్కడినే మొక్కితే చాలు. ఎవరి కడుపు నింపావన్నది ఆ తర్వాతి సంగతి. ఇది రాస్తుంటే భయంగానూ ఉంది.

పాలిచ్చినామె తల్లితో సమానమని ఉన్నదీ ఆ కితాబులోనే. పోశవ్వ కొడుకు సాయిలు నాకు అన్న అవుతాడని, అతని ముందు పర్దా అక్కర్లేదని చిన్నప్పుడు చెప్పింది ఈ ఆపానే.

ఆమెను నాకు తల్లిని చేసింది నువ్వే కదా, అల్లా. ఇప్పుడు ఆ తల్లి కోసం నోరెత్తవద్దంటావా?

రాత్రి ఇషా నమాజు తర్వాత మళ్లీ దువాకు చేతులెత్తాను. మామూ పేరు తలవబుద్ధి కాలేదు. ఆమె పేరు నోటిదాకా వచ్చి ఆగింది. దువా ముగిసినట్టే ఆ ఖాళీ చేతులు ముఖానికి రాసుకుని లేచాను.