పసుపు పూసిన తాబేలు

అన్నా,

ఈ రోజు నీ సంవత్సరీకం. వదిన వడలు వేస్తుంటే, అప్పుడు నీ ఫొటో తీసిన సారు మళ్ళీ మన మైపాడు వచ్చాడు. అరటిపళ్ళు తెచ్చాడు.

తాబేళ్ళ కోసమని ఒడ్డు దగ్గర వలలు వేయొద్దని సర్కారు హద్దు పెట్టినప్పుడు, మన బాధ లోకానికి చూపిస్తానని వచ్చినాయనే. వేరే దారి లేక ఆ హద్దులోనే వేసిన నీ వలలో తాబేలు పడింది. మనవాళ్ళు ఎప్పుడూ చేసేదే నువ్వూ చేశావు. దాని వీపుకి పసుపు పూసి, బొట్టు పెట్టి, "పోయిరా తల్లీ" అన్నావు. నీళ్ళలోకి వదిలే ముందు ఆయన ఫొటో తీస్తానంటే, దాన్ని ఒళ్ళో పెట్టుకుని పళ్ళన్నీ కనబడేలా నవ్వావు.

నెల్లూరులో ఫొటోల ప్రదర్శనలో దాన్ని పెడితే అందరూ మెచ్చుకున్నారు. అధికారులు మాత్రం నీ వెనకున్న వలని చూశారు. వచ్చి ఆ వల పట్టుకుపోయారు. వల లేక నువ్వు పరాయి బోటులో కూలికి నడిసముద్రం పోయావు. ఆ బోటు తిరిగి రాలేదు.

ఇప్పుడాయన గుమ్మంలో తల దించుకుని నిలబడ్డాడు. వదిన నీ పటం పట్టుకుని కూర్చుంటే ఒక ఫొటో తీసుకుంటానన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"తీసుకోనీలే అమ్మాయ్, ఇంకేముంది మనకి పోయేదానికి?" అని వదినే గోడ మీది పటం దించింది.

తాబేలుతో నువ్వు నవ్వుతున్న పటమే అది. నీకు వేరే ఫొటో లేదు కదన్నా. పొద్దున దండ వేసింది కూడా దానికే.