ఊదారంగు పొడి

పులివెందుల

ప్రియమైన మెహబూబ్,

హాస్టల్లో నా పక్క మంచం మెహబూబున్నీసావు నువ్వు. నీ కెమిస్ట్రీ చదువు ఇన్నేళ్లకు నాకు అక్కరకొచ్చింది. మా కాలేజీలో కెమిస్ట్రీ పోస్టు ఖాళీ. ఫిజిక్స్ చెప్పుకునే నన్ను ఆ ల్యాబ్‌కు ఇన్‌చార్జిని చేశారు.

వేముల నుంచి హాసిని అని ఒక పిల్ల వస్తుంది, బీఎస్సీ ఆఖరేడు. పోయిన వారం కోబాల్ట్ లవణం తయారుచేసింది. ఆకుపచ్చగా ముచ్చటగా ఉందని మార్కులేశాను. ఇంకాస్త శుభ్రం చేసి తెమ్మంటే ఈరోజు ఊదారంగు పొడి తెచ్చింది! ఎవరిదో తెచ్చిందని క్లాసందరి ముందూ దొంగ అనేశాను. "నేనేం మార్చల్యా మేడం, ఆ పొడినే కరగబెట్టి ఆరబెట్టినా" అని ఒకటే ఏడుపు.

వచ్చే వారం జమ్మలమడుగు నుంచి ఎగ్జామినర్ వస్తారు. ప్రిన్సిపాల్‌కు చెబితే ఆ పిల్లను పరీక్షకు కూర్చోనివ్వరు. చెప్పేముందు నువ్వొకసారి చూడు. ఫోటోలో రంగు సరిగా తెలియదని పొట్లం కట్టి బస్సులో పంపుతున్నాను.

నీ సింధూ

ప్రొద్దుటూరు

ఒసేయ్ తొందరమ్మా,

ప్రిన్సిపాల్ గది గడప తొక్కకు. ఆ పిల్ల ఏమీ మార్చలేదు.

మధ్యలో కోబాల్ట్, దాని చుట్టూ ఆరు చోట్లు. రెండు చోట్ల క్లోరిన్లుంటాయి. అవి ఎదురెదురుగా ఉంటే ట్రాన్స్, పచ్చన. పక్కపక్కన ఉంటే సిస్, ఊదా. సరుకంతా ఒకటే, కూర్చున్న చోటు వేరు. ఉట్టి నీళ్లతో ఆవిరి మీద ఆరబెడితే పచ్చది ఊదాగా తిరుగుతుంది. హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసి ఆరబెడితే మళ్లీ పచ్చనవుతుంది. నువ్వు పంపినదాంట్లో సగం అట్లా చేశాను. రెండు పొట్లాలూ పంపుతున్నాను, నీ కళ్లతో చూసుకో.

ఒకటే అర్థం కాలేదు. యాసిడ్ పోయాలని ప్రయోగం పద్ధతిలోనే ఉంటుంది కదా, నీళ్లెందుకు పోసింది? అడిగి రాయి. ముందు ఆ పిల్ల కళ్లు తుడువు.

నీ మీద కోపంగా ఉన్న
మెహబూబ్

పులివెందుల

ప్రియమైన మెహబూబ్,

నీ పొట్లాలు చేరేసరికే హాసిని కాలేజీ మానేసింది. ఫోనెత్తలేదు. నిన్న వేములకు పోయాను. వాళ్ల నాయన నారాయణ కూర్చోమన్నాడే గానీ నా మొహం చూడలేదు. "నా బిడ్డ దొంగ అనిపించుకున్యాక ఇంగ సదువెందుకు మేడం?" అన్నాడు.

రెండు పొట్లాలూ విప్పి పక్కపక్కన పెట్టి, నువ్వు రాసిందంతా చెప్పాను. తప్పు నాదేనన్నాను. తర్వాత నువ్వడగమన్నది అడిగాను. హాసిని తలెత్తకుండానే చెప్పింది: "యాసిడ్ మీ బీరువాలో ఉండాది గదా మేడం. పోయిన వారం ఆ పచ్చ పొడి చేసినాక, పరీచ్చలకు చాలదని మీరే తాళమేసినారు. అడిగితే అరుస్తారని నీళ్లతోనే కానిచ్చినా."

ఆ పొడి రంగు మార్చింది నా తాళమే, మెహబూబ్. పిల్లలు నన్ను యాసిడ్ అడగడానికి కూడా భయపడుతున్నారంటే శానా సిగ్గేసింది.

ఈరోజు హాసిని వచ్చింది. దొంగ అన్న చోటే నిలబడి, అందరూ వింటుండగా క్షమించమని అడిగాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా ముందుకొచ్చి చెయ్యి చాచింది. "తాళం చెవి ఇయ్యండి మేడం. యాసిడ్ కావల్ల."

ఇచ్చాను. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు తిరిగిస్తుందేమోనని చూశాను. ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

నీ సింధూ