పక్కటెముక లెక్క

ఆదివారం రాత్రి, సిద్దిపేట, 1944

ఇయ్యాల దుబ్బాక మగ్గాల వాడల గొంతు చించుకొని వాక్యం చెప్పిన: "దేవుడు మొదటి మగవాని పక్కటెముక తీసి ఆడమనిషిని చేసిండు. అందుకే మగవాళ్లకు ఒకటి తక్కువ."

కండెలు చుట్టే బాలవ్వ చెయ్యి ఆపింది. "మా ముసలాయన అంగి తొడగడు అయ్యగారూ, పక్కబొక్కలన్నీ బయటికే. రెండు దిక్కుల సమానమే ఉన్నయ్. మీయి ఎన్నడన్న తడిమి చూసుకున్నరా?"

వాడోళ్లంత నవ్విన్రు.

ఇంటికొచ్చి అంగి విప్పి తడుముకున్న. సమానమే. బైబిలు తెరిచి చూసిన. దేవుడు తీసిండనే ఉన్నది. వాని కొడుకులకు తక్కువైతదని యాడ లేదు. గా మాట నేను కలిపిందే.

నా ఇంటిది మార్తమ్మ పోయినకాడి నుంచి ఎడమ దిక్కు ఏదో లేనట్టే ఉంటది. మగపుట్టుకకు గా లోటు మామూలే అని ఇన్నాళ్లు సర్దుకున్న. గిప్పుడు ఏం చెప్పుకొని పండుకోవాలె...