పక్క మంచం ఆవిడ ఊపిరి

నర్సింగ్ సూపరింటెండెంట్ గారికి,

నన్ను ముప్పావుగంట పట్టించుకోలేదని మా అబ్బాయి ఫిర్యాదు ఇచ్చాడట, నర్సు మీద విచారణట. విరిగిన కాలు నాది, వాడిది కాదు. కాబట్టి జరిగింది నేను రాస్తున్నాను.

నేను వార్డు దద్దరిల్లేలా అరిచిన మాట నిజం. ఆ నర్సు పిల్ల నన్ను ఒక్క చూపు చూసి, కిక్కురుమనకుండా పడున్న పక్క మంచం ఆవిడ దగ్గరికి పరిగెత్తింది.

"ఇంతలా తిడుతున్నారంటే మీకు ఊపిరి బాగానే ఆడుతోంది బామ్మగారూ! ఆవిడ పెదాలు చూడండి, నీలంగా అయిపోయాయి" అంది.

ఆవిడ తేరుకున్నాకే నాకు నొప్పి సూది వేసింది. ఎంత ఆలస్యమైందో, ఎందుకైందో తనే నా కేసు కాగితంలో రాసిపెట్టింది.

చేసింది సబబే. ఆ ఫిర్యాదు కొట్టేయండి. మా అబ్బాయి సంగతి నేను చూసుకుంటాను.

పక్కావిడ గండం గడిచింది. పొద్దున నోరు విప్పింది, ఇంతవరకూ మూయలేదు. దయచేసి నా మంచం మార్పించండి.

ఇట్లు,
ఏడో నంబరు మంచం